బరువు ఏ కాలి మీద?

బస్టాపులో నిలబడ్డ మనిషిని ఒక పది నిమిషాలు గమనించండి. రాగానే రెండు కాళ్ల మీదా సమంగా నిలబడతాడు. బస్సు రాకపోయేసరికి తనకే తెలియకుండా ఒంటి బరువంతా ఒక కాలి మీదికి దించుతాడు. ఆ వైపు తుంటి పైకి లేస్తుంది. రెండో కాలు మోకాటి దగ్గర సడలి, ఆ వైపు తుంటి కిందికి జారుతుంది. నడుము అలా ఒరిగినందుకు వెన్ను సన్నగా వంకర తిరిగి తలను మళ్లీ మధ్యకు తెస్తుంది. భుజాల్లో ఒకటి కాస్త దిగుతుంది. కాసేపటికి కాలు మార్చుకుంటాడు, ఇదంతా అద్దంలో బొమ్మలా తిరగబడుతుంది.

దీన్ని రాతిలో నిలబెట్టడానికి గ్రీకు శిల్పులకు నూరేళ్లకు పైగా పట్టింది. క్రీ.పూ. 600 ప్రాంతానికే నిలువెత్తు పాలరాతి యువకుణ్ణి చెక్కగలిగినవాళ్లు, క్రీ.పూ. 480 ప్రాంతం దాకా వాడి బరువును ఒక కాలి మీదికి దించలేదు. చేతకాక అనుకోవడం తేలిక. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. కళాచరిత్ర పుస్తకాల్లో బొమ్మల వరస కూడా అదే చెబుతుంది: ముందు బిర్రబిగుసుకున్న బొమ్మ, తరవాత కాస్త నయమైనది, ఆ తరవాత ఊపిరి తీస్తున్నట్టుండే మనిషి. ఒకటో తరగతి, ఐదో తరగతి, పదో తరగతి అన్నట్టు. కానీ ఆ వరసలో మొదట నిలబడ్డవాణ్ణి నిదానంగా చూస్తే, వాడు ఫెయిలైన విద్యార్థిలా కనబడడు.

వాడిప్పుడు న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్‌ మ్యూజియంలో ఉన్నాడు. ఏథెన్స్‌ నగరమున్న ఆటికా సీమకు చెందినవాడు, ఒక సమాధి మీద నిలిచినవాడు. 1932లో మ్యూజియం చేతికొచ్చాడు. ఎత్తు 194 సెంటీమీటర్లు, రాయి నాక్సోస్‌ దీవి పాలరాయి. ఇలాంటి నిలువు బొమ్మలను ‘కూరోస్‌’ అంటారు, యువకుడు అని అర్థం. ఒంటి మీద నూలుపోగు లేదు. మెడకొక పట్టీ, తలకొక కట్టు, అంతే. ఎడమ కాలు ముందుకు, చేతులు తొడలకు ఆనించి, పిడికిళ్లు బిగించి, బొటనవేళ్లు ముందుకు చూస్తూ.

ముందు చెవి చూడండి. అది వినే చెవిలా ఉండదు, స్తంభం తల మీద చెక్కే చుట్టలా ఉంటుంది. పై అంచు నుంచి మొదలైన గీత లోపలికి మెలికలు తిరిగి ఆగుతుంది. శిల్పి దాన్ని ఎంత ఇష్టంగా చేశాడో ఆ మెలిక నునుపు చెబుతుంది. జుట్టు వీపు మీదికి పూసల పేటలుగా దిగుతుంది, ప్రతి పూసా పక్క పూసకు జోడు. మోకాటిచిప్పకు అటూ ఇటూ ఉబ్బులు సమంగా తూచినట్టుంటాయి. వీపు వైపు వెళ్తే భుజపుటెముకలు రెండు గాడి గీతలు. ముందువైపు పక్కటెముకలు ముగిసే చోట తలకిందులైన ‘వి’ లాంటి అంచు, కింద గజ్జల దగ్గర మళ్లీ ‘వి’. ఇవేవీ కండలు కావు, కండల గుర్తులు. ముగ్గు వేసే చెయ్యి తామరపువ్వును ఎలా చూస్తుందో, ఈ ఉలి ఒంటిని అలా చూసింది. పువ్వు తెలియక ముగ్గులో తామరను ఎనిమిది రేకులుగా వెయ్యరు కదా.

ఇప్పుడు కాళ్లు. చెప్పులు విడిచి, మోకాళ్లు వంచకుండా, ఎడమ పాదం ఒక అడుగు ముందుకు పెట్టి, రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనించి నిలబడండి. నడుము కదులుతుంది. ఒక తుంటి ముందుకో కిందికో పోక తప్పదు. ఈ యువకుడి తుంట్లు మాత్రం ఇటుక పేర్చేవాడి నీటిమట్టంలా ఉంటాయి. కాలు ముందుకు వేశాడన్న వార్త నడుముకు చేరలేదు. అడుగు వేస్తున్నాడా, ఆగి ఉన్నాడా అంటే రెండూ కాదు. బరువు రెండు కాళ్ల మీదా సమానంగా ఉంది. మన శిల్పశాస్త్రం భాషలో ఇది సమభంగం. గుళ్లో మూలవిరాట్టు అలా నిలబడితే బిగుసుకుపోయాడని మనమెవరమూ అనం. దేవుడు కాలు మార్చుకోడు.

ఈ భంగిమ ఎక్కడిది అన్నదానికి జవాబు నైలు నది వైపు చూపిస్తుంది. క్రీ.పూ. ఏడో శతాబ్దంలో గ్రీకు కూలి సైనికులు, వర్తకులు ఈజిప్టుకు వెళ్లారు, అక్కడ స్థిరపడ్డారు, నిలువెత్తు రాతి రాజులను చూశారు. ఎడమ కాలు ముందుకు వెయ్యడం, పిడికిళ్లు, దిమ్మ నాలుగు ముఖాల మీదా గళ్లు గీసి ముందు రూపం, పక్క రూపం గుర్తుపెట్టి నాలుగు వైపుల నుంచీ లోపలికి చెక్కుకుంటూ పోవడం, ఇదంతా అక్కడి పద్ధతే. కొలతలు తీసి చూసినవాళ్లు న్యూయార్క్‌ యువకుడి పాళ్లు ఈజిప్టు గళ్ల లెక్కకు బాగా దగ్గరగా ఉన్నాయని చెప్పారు. అయితే తేడా కూడా గట్టిదే. ఈజిప్టు శిల్పి వీపు వెనక రాతి స్తంభం వదిలేస్తాడు, కాళ్ల మధ్య, చేతికీ ఒంటికీ మధ్య రాయిని అలాగే ఉంచుతాడు. రాయి మనిషిని పట్టుకుని ఉంటుంది. గ్రీకువాడు ఆ రాయి తీసేశాడు. వెనక ఊతం లేదు, నడుముకు గుడ్డ లేదు, చేతికీ నడుముకూ మధ్య గాలి ఆడుతుంది. దాదాపు రెండు మీటర్ల పాలరాతి మనిషి తన చీలమండల మీద తానే నిలబడాలి. బరువు ఎక్కడ పడుతుందన్న ప్రశ్న అందం కంటే ముందు ఇంజినీరింగు ప్రశ్నగా అక్కడే పుట్టిందని నా ఊహ.

నాక్సోస్‌ దీవిలో పాత రాతిగనుల్లో సగం చెక్కి వదిలేసిన కూరోస్‌లు ఇప్పటికీ పడి ఉన్నాయి. అపోలోనాస్‌ ఊరి దగ్గర కొండవాలు మీద పడుకున్నది పది మీటర్లు దాటుతుంది. దాన్ని చూస్తే పని తీరు తెలుస్తుంది. ముక్కూ మొహం లేవు, కానీ మనిషి ఆకారం నాలుగు పలకలుగా అప్పుడే ఉంది. మొనదేలిన ఇనప ఉలిని రాతికి నిలువుగా పట్టి కొట్టడం వాళ్ల మొదటి పని. ఆ దెబ్బకు పాలరాయి పైపొర నలిగి రాలుతుంది. తరవాత చదును ఉలి, ఆఖరికి నాక్సోస్‌లోనే దొరికే ఎమరీతో రుద్దుడు. క్రీ.పూ. ఆరో శతాబ్దం నడుమ పళ్ల ఉలి వాడుకలోకి వచ్చింది. దువ్వెనలాంటి ఆ పళ్లు రాతి మీద గుండ్రటి ఒంపును అనుసరించి వరసగా పోతాయి. గీతతో కండను గుర్తుపెట్టడానికీ, ఒంపుతో కండను ఉబ్బించడానికీ మధ్య తేడా చేతికి అందడంలో ఈ పనిముట్టు పాత్ర చిన్నది కాదు.

ఆ ఉబ్బు ఎలా ఉంటుందో క్రీ.పూ. 530 నాటి అనావిసోస్‌ కూరోస్‌ చూపిస్తాడు. ఏథెన్స్‌ జాతీయ పురావస్తు మ్యూజియంలో ఉన్నాడు, ఎత్తు 1.94 మీటర్లు. 1930లలో దొంగతవ్వకాల్లో బయటపడి, రంపంతో ముక్కలు కోయించుకుని, దేశం దాటి పారిస్‌ చేరి, 1937లో తిరిగొచ్చాడు. ఇతని పేరు క్రోయిసోస్‌. యుద్ధంలో ముందు వరసలో పోరాడుతూ చనిపోయాడని, దారిన పోయేవాళ్లు సమాధి దగ్గర ఆగి దుఃఖించమని పీఠం మీద రాసి ఉంది. చచ్చిపోయిన ఈ కుర్రవాడు చిరునవ్వుతో ఉంటాడు. ఒంట్లో ఎక్కడా గాయం లేదు. తొడలు పొంగి ఉన్నాయి, పిక్కలు బలిసి ఉన్నాయి, బుగ్గలు నిండుగా ఉన్నాయి. న్యూయార్క్‌ యువకుడిలో గీతగా ఉన్నదంతా ఇక్కడ మాంసమైంది. అయినా తుంట్లు సమానం, బరువు రెండు కాళ్లకూ సగం సగం. ఇంత మాంసం తెలిసిన శిల్పికి బరువు తెలియదంటే నేను నమ్మను. ఆ నవ్వూ ఆ నిలకడా క్రోయిసోస్‌ అనే ఒక్క మనిషివి కావు. మంచి కుటుంబంలో పుట్టి, అందంగా పెరిగి, ధైర్యంగా పోయినవాడు ఎలా ఉండాలో దానికి పెట్టిన రూపం అది. పేరు పీఠం మీద ఉంది, మొహంలో లేదు. బరువు మార్చుకునే మనిషి ఒక క్షణంలో ఉంటాడు, సమాధి మీది మనిషి ఏ క్షణంలోనూ ఉండకూడదు.

ఈ యువకులను వరస పెట్టిన పెద్ద పని జిసెలా రిక్టర్‌ది. మెట్రోపాలిటన్‌ మ్యూజియంలోనే పనిచేసిన విదుషి, 1942లో కూరోస్‌ల మీద పుస్తకం వేశారు. చెవి, మోకాలు, పొట్ట, చీలమండ ఒక్కొక్కటీ పోల్చి, శరీరజ్ఞానం పెరిగే కొద్దీ కాలం ముందుకు జరిగిందని కట్టారు. ఆమె చూపు సూది మొనలాంటిది. ఉదాహరణకు పొట్ట మీది కండ: తొలి బొమ్మల్లో బొడ్డు పైన అడ్డగీతలు ఎక్కువ, తరవాతి వాటిలో ఒంటి మీద నిజంగా ఉన్నన్నే. అదంతా నిజమే. నా పేచీ ఒక్కటే. తప్పులు దిద్దుకుంటూ పోయిన కథగా దీన్ని చదివితే, ఆ తొలి చెవిలోని మెలిక అందం మన లెక్కలోంచి జారిపోతుంది.

మార్పు ఎంత చప్పున వచ్చిందో ఒకే గుడి మీద కనబడుతుంది. ఏథెన్స్‌కు ఎదురుగా సముద్రంలో ఈజినా దీవి. అక్కడ అఫాయా దేవత గుడికి పడమటి ముంగిట, తూర్పు ముంగిట పైకప్పు కింది ముక్కోణాల్లో ట్రాయ్‌ యుద్ధాల బొమ్మలుండేవి. 1811లో తవ్వి తీశారు, బవేరియా యువరాజు లుడ్విగ్‌ కొన్నాడు, ఇప్పుడు మ్యూనిక్‌లో ఉన్నాయి. పడమటి ముక్కోణం మూలలో ఒక వీరుడు పడి ఉన్నాడు. ఒక చేతి మీద ఆనుకుని, రెండో చేత్తో ఛాతీలో దిగిన బాణం పట్టుకున్నాడు. బాణం ఇప్పుడు లేదు. మొహం మన వైపు తిప్పి నవ్వుతున్నాడు. కాలు మీద కాలు వేసిన తీరు చూస్తే మామిడితోటలో పడుకున్నట్టుంది. అది క్రోయిసోస్‌ నవ్వే.

తూర్పు వైపు మూలలోనూ ఒక వీరుడు పడిపోతున్నాడు. పది ఇరవై ఏళ్ల తరవాతి పని. గడ్డం ఉన్నవాడు, వయసు తెలుస్తుంది. ఎడమ చెయ్యి ఇంకా డాలు పట్టీలోనే ఇరుక్కుని ఉంది, ఆ డాలే అతన్ని కాస్త నిలబెడుతోంది. తల మన వైపు చూడదు, నేల వైపు వాలుతుంది. మొండెం మెలి తిరిగి, పొట్ట కండలు ఆ మెలికతోపాటు ఒరిగిపోతాయి. కళ్లు మూతపడబోతున్నాయి. మొదటివాడు ‘వీరమరణం’ అన్న మాటకు బొమ్మ. రెండోవాడు చచ్చిపోతున్నాడు. నేల అతన్ని లాగుతోంది. ఇద్దరినీ చూశాక నాకు రెండోవాడి దగ్గరే ఎక్కువసేపు ఉండాలనిపిస్తుంది, మొదటివాడి పట్ల కొంచెం అన్యాయం చేస్తున్నానని తెలిసి కూడా.

రంగు సంగతి కూడా చెప్పాలి. ఇవన్నీ తెల్లగా ఉన్నాయి కాబట్టి తెల్లగానే చేశారనుకుంటాం. కాదు. జుట్టుకు, పెదవులకు, కళ్లకు, దుస్తులకు రంగులు పూశారు. ఈజినా విలుకాడి ఒంటికి అతుక్కున్న బట్టల మీద గళ్ల చారికలు ఉండేవని మిగిలిన ఆనవాళ్లు చెబుతున్నాయి. ఎండలో ఎర్రగా నీలంగా మెరిసే ఆ గుంపును మన గాలిగోపురం పక్కన పెట్టి ఊహించుకుంటే దగ్గరవుతుంది.

ఇక ఏథెన్స్‌ కోట కొండ మీద దొరికిన కుర్రవాడు. వీడి కోసమే ఈ వ్యాసం మొదలుపెట్టాను. మొండెం 1865లో దొరికింది, తల 1888లో. రెండూ అతికించి చూస్తే తల తిన్నగా ముందుకు లేదు, కుడి వైపుకు కొంచెం తిరిగి ఉంది. ఆ కొంచెం తిరగడం అప్పటిదాకా ఏ కూరోస్‌కూ లేదు. చేతులు విరిగాయి, పాదాలు లేవు, మిగిలింది 1.17 మీటర్లు. పర్షియన్లు క్రీ.పూ. 480లో ఏథెన్స్‌ను తగలబెట్టారు. వీడు దానికి ముందు పుట్టాడా, వెంటనే తరవాతా అన్న తగువు పండితుల్లో ఉంది. క్రిటియోస్‌ అనే శిల్పి పనికి పోలికలున్నాయని ‘క్రిటియోస్‌ బాలుడు’ అన్నారు. ఆ పేరే నిలిచిపోయింది.

బొడ్డు దగ్గర్నుంచి కిందికి చూడండి. బరువు ఎడమ కాలి మీద ఉంది. కుడి కాలు కొంచెం ముందుకొచ్చి మోకాటి దగ్గర వదులైంది. ఎడమ తుంటి పైకి, కుడి తుంటి కిందికి. తేడా బెత్తెడు కూడా ఉండదు. కానీ ఆ తేడా పొట్ట మధ్య గీతను కదిపింది: గొంతు నుంచి గజ్జల దాకా తాడు గుండు వేసినట్టు పోవలసిన గీత కొంచెం ఒంపు తిరిగి దిగుతుంది. వెనక్కి వెళ్తే బరువు మోస్తున్న వైపు పిరుదు బిగుసుకుని ఎత్తుగా, రెండో వైపుది మెత్తగా దిగి ఉంది. వెన్నుగాడి ఆ రెంటి మధ్య సర్దుకుంటుంది. బస్టాపు మనిషి వచ్చేశాడు. మన శాస్త్రం దీన్ని ఆభంగం అంటుంది, త్రిభంగానికి పోని చిన్న వంపు.

ఒక భాగం కదిలితే మిగతా భాగాలకు తెలియడం అంటే ఇదే. న్యూయార్క్‌ యువకుడిని భాగాలుగా చేశారు. చెవి, మోకాలు, పొట్ట దేని అందం దానిదే. ఈ బాలుడి మోకాలిని ఒక్కటే తీసి చూస్తే ఏమీ గొప్పగా ఉండదు. పనితనమంతా మోకాలికీ తుంటికీ, తుంటికీ మెడకూ మధ్య ఉంది. నవ్వు కూడా పోయింది. పెదవులు మూసుకున్నాయి, మొహం ఏదో ఆలోచిస్తున్నట్టో, అసలేమీ ఆలోచించనట్టో ఉంది. నవ్వు పోయినందుకు కొంతమంది బాధపడతారు, వాళ్లను తప్పుపట్టను.

ఈ ఒడుపు ఎక్కడి నుంచి వచ్చింది? ప్రజాస్వామ్యం, పర్షియా మీద గెలుపు, నాటకం అని పెద్ద కారణాలు చెబుతారు. వాటి పాత్ర ఉండొచ్చు. నేను మాత్రం చేతికి అంటిన మట్టి వైపు చూస్తాను. బాలుడి కంటి గుంతలు ఖాళీగా ఉన్నాయి. కళ్లు వేరే పదార్థంతో చేసి పొదిగారు, అవి రాలిపోయాయి. కళ్లు పొదగడం కంచుపని వాళ్ల అలవాటు. తల చుట్టూ కట్టుకు చుట్టిన జుట్టు, దాని మీద సన్నటి గీతలు కూడా కంచు మీద గీసే గీతల్లా ఉంటాయి. క్రిటియోస్‌, అతని జోడీ నెసియోటెస్‌ ఏథెన్స్‌ సంతలో నిలబెట్టిన ఇద్దరు వీరుల ప్రసిద్ధ బొమ్మలు కంచువే, క్రీ.పూ. 477 నాటివి. కంచుబొమ్మ రాతిలో పుట్టదు, మెత్తని మట్టిలో మైనంలో పుడుతుంది. రాతిలో ఒకసారి తీసేసింది తిరిగి రాదు, కాబట్టి ముందే గళ్లు గీసుకోవాలి. మట్టిలో తుంటిని కాస్త పైకి నెట్టి చూడొచ్చు, బాగాలేకపోతే దించొచ్చు. ఎదురుగా ఒక కుర్రవాణ్ణి నిలబెట్టి, వాడు కాలు మార్చుకున్నప్పుడల్లా మట్టిని మార్చొచ్చు.

మట్టి గుజ్జు మీద మైనం, మైనం మీద మళ్లీ మట్టి, కాల్చి మైనం కరిగించి ఆ ఖాళీలో లోహం పొయ్యడం. మన ఆదిలాబాద్‌ ఓజాలు డోక్రా బొమ్మలు పోసేది ఈ సూత్రంతోనే. గ్రీకులు దాన్ని మనిషి ఎత్తుకు పెంచారు: తల, చేతులు, మొండెం విడివిడిగా పోసి అతికారు. లోపల డొల్ల కాబట్టి బరువు తగ్గింది, చెయ్యి ఎంత దూరం చాపినా విరగదు.

1972లో ఇటలీ దక్షిణ కొసన రియాచే ఊరి దగ్గర సముద్రంలో దొరికిన ఇద్దరు కంచు వీరులు ఆ పనికి పరాకాష్ఠ. క్రీ.పూ. ఐదో శతాబ్దం నడిమి పని అని ఎక్కువమంది మాట. పెదవులు, చనుమొనలు రాగివి. ఒకరి పళ్లు వెండివి, పెదవులు కొంచెం విడి ఉంటే లోపల మెరుస్తాయి. చేతి నరాలు చర్మం కింద ఉబ్బి ఉంటాయి. ఇంతకన్నా నిజమైన మనిషి ఉండడనిపిస్తుంది. కానీ నడుము పైన తుంటి అంచు చుట్టూ ఉన్న కండ దిండులా ఉబ్బి ఉంటుంది, వెన్నుగాడి మామూలు మనిషికి లేనంత లోతు. ఏ వ్యాయామశాలకెళ్లినా అది రాదు. పై సగాన్నీ కింది సగాన్నీ విడదీసి చూపించడానికి శిల్పికి ఒక గీత కావాల్సి వచ్చింది, పెట్టుకున్నాడు. న్యూయార్క్‌ యువకుడి గజ్జల ‘వి’ తమ్ముడు వేషం మార్చుకుని తిరిగొచ్చాడు.

ఆర్గోస్‌ శిల్పి పాలిక్లైటోస్‌ ఈ విషయంలో దాపరికం లేనివాడు. క్రీ.పూ. 440 ప్రాంతంలో బల్లెం పట్టిన యువకుణ్ణి కంచులో పోశాడు. వేలికీ అరచేతికీ, అరచేతికీ ముంజేతికీ ఉండాల్సిన పాళ్ల మీద ‘కానోన్‌’ అని పుస్తకం కూడా రాశాడు. కుడి కాలు బరువు మోస్తుంది, ఎడమ కాలు మడమ లేచి వెనక వదులుగా ఉంటుంది. చేతుల్లో ఇది తిరగబడుతుంది: ఎడమ చెయ్యి బల్లెం మోస్తుంది, కుడి చెయ్యి ఊరికే వేలాడుతుంది. పనిచేస్తున్న కాలికి ఎదురు పక్క పనిచేస్తున్న చెయ్యి, సడలిన కాలికి ఎదురు పక్క సడలిన చెయ్యి. బస్టాపులో మొదలైన కదలిక ఇక్కడికొచ్చి లెక్కలోకి ఒదిగింది. ప్రకృతిని పట్టుకోవడానికి గళ్లు చెరిపేసినవాళ్ల మనవలు ప్రకృతి మీదే కొత్త గళ్లు గీశారు.

ఆ పుస్తకం పోయింది, కంచు విగ్రహమూ పోయింది. మనం చూసేది రోమన్లు పాలరాతిలో చేయించుకున్న నకళ్లు. వాటిలో పేరున్నది పాంపేలో దొరికి, ఇప్పుడు నేపుల్స్‌ మ్యూజియంలో ఉంది, ఎత్తు 2.12 మీటర్లు. డొల్ల కంచుకు సులువైన ఆ నిలుపు గట్టి పాలరాతికి మోయలేని భారం. మడమ లేచిన కాలు ఎలాగూ ఆనదు, ఇక ఒక్క చీలమండ మీద అంత రాయి నిలవదు. అందుకని నకలు తీసినవాడు కుడి కాలి వెనక ఒక చెట్టు మోడు చెక్కి అతికించాడు. వేలాడే మణికట్టు విరక్కుండా దానికీ తొడకూ మధ్య ఒక రాతి పుల్ల వదిలాడు. బల్లెం వీరుడి బరువు ఏ కాలి మీద ఉందని నేపుల్స్‌లో ఎవరైనా అడిగితే, చాలావరకు ఆ మోడు మీదే.